సముద్రంలో వెతకనక్కర్లేని జవాబులు

2014 మార్చి 8వ తేదీ అర్ధరాత్రి దాటి 42 నిమిషాలకు కౌలాలంపూర్ నుంచి బీజింగ్‌కు బయలుదేరి, మళ్లీ ఎవరికీ కనిపించకుండా పోయిన మలేషియా ఎయిర్‌లైన్స్ ఎంహెచ్ 370 విమానంలో 239 మంది ఉన్నారన్న సంగతి ప్రపంచానికంతటికీ తెలుసు. వాళ్ల కాళ్ల కింద, విమానం అడుగు అరలో, 10,806 కిలోల సరుకు కూడా ఉందన్న సంగతి మాత్రం చాలామందికి గుర్తుండదు. ఆ సరుకులో ఏముంది, అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు చూసి లోపలికి పంపారు, బీజింగ్‌లో ఎవరు అందుకోవలసి ఉంది అన్న ప్రశ్నలను ఆ విమానంలో తమ వాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలు మొదటి వారం నుంచే అడుగుతున్నాయి. కొన్నింటికి జవాబు వచ్చింది. కొన్నింటికి సగం జవాబే వచ్చింది. ఆ మిగిలిన సగం గురించే ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ఆ విమానాన్ని సరుకే కూల్చిందని నేను వాదించడం లేదు. తెలిసిన ఆధారాలన్నీ చూస్తే ఆ ఊహ నిలవదనే నా అభిప్రాయం, కారణాలు ముందు ముందు చెబుతాను. నా వాదన వేరు. విమానం ఎక్కడ పడిపోయిందో, ఎందుకు దారి మళ్లిందో తెలిపే సాక్ష్యం దక్షిణ హిందూ మహాసముద్రం అడుగున, మనిషి చేరలేని లోతుల్లో ఉండవచ్చు. సరుకు గురించిన సాక్ష్యం అలాంటిది కాదు. అది నేల మీద, సరుకులో కొంత వచ్చిన మలేషియా నగరం పెనాంగ్‌లోని గోడౌన్ రిజిస్టర్లలో, సెపాంగ్‌లో ఉన్న కౌలాలంపూర్ విమానాశ్రయ కార్గో దస్త్రాల్లో, కస్టమ్స్ కాగితాల్లో, పోలీసులు నమోదు చేసిన వాంగ్మూలాల్లో ఉంది. దాన్ని బయటపెట్టడానికి ఓడలు, జలాంతర యంత్రాలు అక్కర్లేదు, ఒక నిర్ణయం చాలు. అంత సులువుగా తీర్చగల ప్రశ్నలను ఇన్నేళ్లుగా అలాగే ఉండనివ్వడం వల్ల, తీర్చలేని పెద్ద ప్రశ్న చుట్టూ అనుమానాలు మరింత చిక్కబడ్డాయి.

నేను కొన్నేళ్లు శంషాబాద్ విమానాశ్రయం నుంచి వెళ్లే మందుల సరుకుకు ఎగుమతి కాగితాలు తయారుచేసే పని చేశాను. ఆ పనిలో ఉన్నవాళ్లకు ఎంహెచ్ 370 సరుకు జాబితా చూడగానే కన్ను ఆగే చోటు ఒకటి ఉంటుంది. విమానంలో సరుకు పంపడానికి ఎయిర్ వే బిల్ అనే కాగితం ఉంటుంది. ఒక్కొక్క కంపెనీ సరుకుకు ఏజెంటు ఇచ్చేది హౌస్ బిల్లు. అలాంటివి కొన్ని కలిపి ఒకే మూటగా విమాన సంస్థకు అప్పగించినప్పుడు పుట్టేది మాస్టర్ బిల్లు. మాస్టర్ బిల్లులో సరుకు స్వభావం, పరిమాణం రాయవలసిన గడిలో చాలాసార్లు కనిపించే మాట ‘కన్సాలిడేషన్, యాజ్ పర్ అటాచ్డ్ లిస్ట్’ అనే. అసలు విషయం అంతా ఆ జతచేసిన జాబితాలో ఉంటుంది. మాస్టర్ బిల్లు మాత్రమే చూసినవాడికి బరువు తెలుస్తుంది, పెట్టెల సంఖ్య తెలుస్తుంది, లోపల ఏముందో తెలియదు. కాబట్టి ఎవరైనా ‘సరుకు జాబితా విడుదల చేశాం’ అన్నప్పుడు, ఏ స్థాయి కాగితం విడుదల చేశారన్నది మొదటి ప్రశ్న అవుతుంది.

ఇక తెలిసిన లెక్క చూద్దాం. ఆ 10,806 కిలోల్లో 4,566 కిలోలు మాంగోస్టీన్ పండ్లు. 2,453 కిలోలు పెనాంగ్‌లోని మోటరోలా సొల్యూషన్స్ నుంచి ఏజెంటు ద్వారా వచ్చిన సరుకు. మిగిలినవి ఎలక్ట్రానిక్ విడిభాగాలు, పుస్తకాలు, కొరియర్ పత్రాల వంటివి. పెనాంగ్ నుంచి వచ్చిన 2,453 కిలోల్లో లిథియం అయాన్ బ్యాటరీలు 221 కిలోలేనని, తక్కిన 2,232 కిలోలు వాకీటాకీల ఉపకరణాలు, ఛార్జర్లు అని విమాన సంస్థ తర్వాత వివరించింది. ఆ వివరణ నిజమే కావచ్చు. అయితే మొదట విడుదలైన పత్రాల్లో ఆ విభజన సూటిగా కనిపించలేదు. విలేఖరులు పట్టుబట్టి అడిగిన తర్వాతే అది బయటికి వచ్చింది. ఆ సరుకు పంపిన సంస్థవాళ్లను పత్రికలు అడిగితే, దర్యాప్తు జరుగుతున్నందువల్ల మాట్లాడకూడదని తమకు న్యాయ సలహా ఉందన్నారు. రెండు టన్నులకు పైగా బరువున్న సరుకులో ఏ పెట్టెలో ఏముందో ఒక్క పేజీ ప్యాకింగ్ లిస్టు చెబుతుంది. ఆ ఒక్క పేజీ ఆనాడే బయటపెట్టి ఉంటే ఆ తర్వాత పుట్టిన పుకార్లలో సగం పుట్టేవి కావు.

ఆ వారాల్లో మాటలు ఎలా మారుతూ వచ్చాయో గుర్తు చేసుకోవాలి. విమానంలో ప్రమాదకరమైన సరుకేమీ లేదని, టన్నుల కొద్దీ మాంగోస్టీన్ పండ్లు ఉన్నాయని మొదట చెప్పారు. మార్చి 21న లిథియం అయాన్ బ్యాటరీలు ఉన్న సంగతిని విమాన సంస్థ ప్రధాన అధికారి అహ్మద్ జవ్‌హరి యాహ్యా ధ్రువీకరించారు. అవి అంతర్జాతీయ నిబంధనల ప్రకారమే ప్యాక్ చేసినవని, ప్రమాదకర సరుకుగా లెక్కకు రావని కూడా అన్నారు. సరుకు పత్రాలు పోలీసుల దర్యాప్తులో ఉన్నాయన్న కారణంతో వెంటనే ఇవ్వలేదు. చివరికి మే 1న ప్రాథమిక నివేదికతో పాటు విడుదల చేశారు. విమానం కనిపించకుండా పోయిన 54 రోజులకు అన్నమాట. సాంకేతికంగా చూస్తే మొదటి మాటకూ రెండో మాటకూ వైరుధ్యం లేదు, ఎందుకంటే ఆనాటి నిబంధనల్లో ఆ బ్యాటరీలు ‘ప్రమాదకర సరుకు’ కిందికి పూర్తిగా రావు. కానీ బీజింగ్ హోటల్లో కబురు కోసం కూర్చున్న తల్లిదండ్రులకు నిబంధనల పుస్తకంలోని నిర్వచనం చెప్పి, వస్తువు పేరు చెప్పకపోవడం సరైన జవాబు అనిపించుకోదు. మొదటి రోజే ‘బ్యాటరీలు ఉన్నాయి, ఇంత బరువు, ఈ నిబంధన కింద’ అని చెప్పి ఉంటే అది వార్తగా ఒక రోజు నిలిచి పోయేది. దాచారన్న భావన కలిగాక మాత్రం అది ఇన్నేళ్లయినా పోలేదు.

ఆ నిబంధన గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అసలైన విషయం అక్కడే ఉంది. విడి లిథియం అయాన్ బ్యాటరీలను విమానంలో పంపడానికి ప్యాకింగ్ ఇన్‌స్ట్రక్షన్ 965 అనే నియమం ఉంది. చిన్న పరిమాణం బ్యాటరీలకు అందులో రెండో సెక్షన్ వర్తించేది. పెనాంగ్ బ్యాటరీలు ఈ సెక్షన్ కిందే వెళ్లాయి. ఆనాటి నియమం ప్రకారం ఈ సెక్షన్ కింద వెళ్లే పెట్టెకు హెచ్చరిక లేబుల్ ఉండాలి, గట్టి అట్టపెట్టె ఉండాలి, బ్యాటరీలు ఒకదానికొకటి తగిలి షార్ట్ కాకుండా విడివిడిగా పెట్టాలి. కానీ ప్రమాదకర సరుకు పంపేవాళ్లు రాసి ఇవ్వవలసిన షిప్పర్స్ డిక్లరేషన్ అక్కర్లేకపోయింది. అంతకంటే ముఖ్యంగా, ప్రమాదకర సరుకు ఏ అరలో ఎంత ఉందో కెప్టెన్‌కు రాతపూర్వకంగా అందజేసే నోటోక్ అనే కాగితంలో ఈ బ్యాటరీల ప్రస్తావన ఉండనక్కర్లేకపోయింది. అంటే 227 మంది ప్రయాణికులను, 11 మంది తోటి సిబ్బందిని తీసుకుని వెళ్తున్న కెప్టెన్‌కు తన కింద 221 కిలోల లిథియం బ్యాటరీలు ఉన్నాయని ఎవరూ చెప్పవలసిన పని లేకపోయింది. ఇది ఎవరో చేసిన తప్పిదం కాదు. నియమమే అలా ఉండేది. తప్పు జరిగితే దిద్దుకుంటాం. తప్పే కానిదాన్ని దిద్దాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

ఈ మాట చదువుతున్నవాళ్లలో చాలామంది శంషాబాద్ నుంచి కౌలాలంపూర్ మీదుగా మెల్‌బోర్న్‌కో సిడ్నీకో పిల్లల దగ్గరికి వెళ్లినవాళ్లే అయి ఉంటారు. చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో మీకు తెలుసు. పచ్చళ్ల డబ్బాలకు టేపు చుట్టి, సూట్‌కేసు బరువు ఒకటికి రెండుసార్లు తూచుకుని వచ్చిన పెద్దావిడను కౌంటర్‌లోని అమ్మాయి అడుగుతుంది: ‘‘అమ్మా, పెట్టెలో పవర్ బ్యాంక్ ఏమైనా ఉందా? ఉంటే తీసి చేతి సంచిలో పెట్టుకోండమ్మా, లగేజీలో వెళ్లకూడదు.’’ ఆవిడ పక్కకు వెళ్లి, తాళం తీసి, చీరల మడతల మధ్య నుంచి అరచేయంత పవర్ బ్యాంకును వెతికి తీస్తుంది. ఆ జాగ్రత్త నూటికి నూరుపాళ్లు సరైనదే. లిథియం బ్యాటరీ అంటుకుంటే మనుషుల కళ్ల ముందు ఉండాలి, అప్పుడే ఆర్పగలరు. అదే తర్కం కింది అరలో వెళ్లే వందల కిలోలకు 2014లో వర్తించలేదు. 2016 ఏప్రిల్ 1 నుంచి విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపకూడదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిషేధం విధించింది. పరికరంతో కలిపి ప్యాక్ చేసిన బ్యాటరీలు, పరికరంలోనే ఉన్న బ్యాటరీలు మాత్రం ఇప్పటికీ వెళ్లవచ్చు. ఎంహెచ్ 370 వల్లే ఆ నిషేధం వచ్చిందని నేను అనను. దానికి ముందు జరిగిన సరుకు విమానాల ప్రమాదాలు, అమెరికా విమానయాన సంస్థ ప్రయోగశాలల్లో జరిగిన పరీక్షలు అసలు కారణాలు. కానీ ఆ రాత్రి వెళ్లిన సరుకు ఈ రోజు అదే రూపంలో అదే విమానంలో వెళ్లలేదన్నది నిజం.

పెనాంగ్ నుంచి ఆ సరుకు ప్రయాణించిన తీరు రెండో ప్రశ్న. మలేషియా దర్యాప్తు బృందం 2018లో ఇచ్చిన తుది నివేదిక ప్రకారం ఆ సరుకును పెనాంగ్‌లో విమాన సంస్థ కార్గో సిబ్బంది పెట్టెలు కంటితో పరిశీలించారు, కస్టమ్స్ తనిఖీ, అనుమతి అయ్యాయి, లారీకి సీలు వేశారు. ఎక్స్‌రే తనిఖీ జరగలేదు. లారీ కౌలాలంపూర్ అంతర్జాతీయ విమానాశ్రయానికి చేరాక మరో భద్రతా తనిఖీ లేకుండానే సరుకు విమానంలోకి ఎక్కింది. కస్టమ్స్ తనిఖీకీ భద్రతా తనిఖీకీ ఉన్న తేడా ఈ పనిలో ఉన్నవాళ్లకు బాగా తెలుసు. కస్టమ్స్ అధికారి చూసేది సుంకం, విలువ, నిషిద్ధ వస్తువు. పెట్టె లోపల వైరింగు ఎలా ఉందన్నది అతని పని కాదు. సీలు వేసిన లారీ అంటే మధ్యలో ఎవరూ తెరవలేదని మాత్రమే అర్థం. సీలు వేయకముందు లోపల ఏముందో ఆ సీలు చెప్పదు. ఇక్కడ ఏదో కుట్ర జరిగిందని నేను అనుకోవడం లేదు. ఒక పెద్ద కంపెనీ రోజూ పంపే సరుకును రోజూ చూసే సిబ్బంది ఎలా చూస్తారో అలాగే చూసి ఉంటారు. అయితే 239 ప్రాణాలు పోయిన తర్వాత కూడా ఆ ‘రోజూలాగే’ అన్న మాటనే సరిపెట్టుకోమంటే కష్టం.

మాంగోస్టీన్ పండ్ల సంగతి కొంతమందికి నవ్వు తెప్పించింది. నాకు అందులో నవ్వు కనిపించలేదు. వంకాయ రంగు మందపు తొక్క, లోపల తెల్లని తొనలు ఉండే ఈ పండంటే చైనాలో చాలా ఇష్టం. 4,566 కిలోలు అంటే మొత్తం సరుకులో 40 శాతానికి పైనే. మార్చి నెల జోహోర్ ప్రాంతంలో ఆ పండ్ల కాలం కాదని, అన్ని పండ్లు ఎక్కడి నుంచి వచ్చాయని కుటుంబాలు అడిగాయి. ప్రశ్న సబబైనదే. జోహోర్‌లోని మువార్ ప్రాంతం నుంచి కొన్ని, ఇండోనేషియాలోని సుమత్రా నుంచి కొన్ని వచ్చాయని నివేదిక చెప్పింది. ఆనాటి పోలీసు అధిపతి ఖాలిద్ అబూబకర్, ఆ పండ్లను ఎవరు కోశారు, ఎవరు ప్యాక్ చేశారు, చైనాలో ఎవరు డబ్బు చెల్లించారు అన్నంతవరకు ఆరా తీశామని చెప్పారు. పండ్ల రసం కారి బ్యాటరీలను తాకితే ఏమవుతుందన్న ప్రశ్నను కూడా వదిలిపెట్టలేదు. మలేషియా రక్షణ శాఖ పరిశోధన సంస్థ స్ట్రైడ్ ప్రయోగాలు చేసి, దానివల్ల అగ్నిప్రమాదం జరిగే అవకాశం లేదన్నంత తక్కువని తేల్చింది. అదే పండు, అదే రకం బ్యాటరీలు ఆ దారిలో అంతకుముందూ తర్వాతా వెళ్లాయి.

ఈ ఒక్క విషయంలో దర్యాప్తు ఎలా ఉండాలో అలా ఉందని నేను అంటాను. ప్రశ్న అడిగారు, వెతికారు, పరీక్షించారు, జవాబు రాశారు. పండ్లకు ఇంత చేసినవాళ్లు, 2,232 కిలోల ఉపకరణాల విషయంలో పెట్టె పెట్టెకూ లెక్క అంతే వివరంగా ఎందుకు ముందుంచలేదన్నది నాకు అర్థం కాని సంగతి. పోలీసులు పండ్ల గురించి, బ్యాటరీల గురించి ఎంతోమందిని ప్రశ్నించారు. ఆ పోలీసు నివేదికను ప్రభుత్వం అధికారికంగా ప్రజల ముందు పెట్టలేదు.

ఇక సరుకు వల్ల మంట పుట్టి విమానం పోయిందన్న ఊహ. దీన్ని బలంగా నమ్మేవాళ్లు ఉన్నారు, వాళ్లలో అనుభవజ్ఞులైన పైలట్లు కూడా ఉన్నారు. లిథియం బ్యాటరీల మంట ఎంత భయంకరమైనదో విమానయానం చూసింది. 2010 సెప్టెంబర్ 3న దుబాయ్ నుంచి బయలుదేరిన యూపీఎస్ 6 సరుకు విమానంలో 81 వేలకు పైగా లిథియం బ్యాటరీలు ఉన్నాయి. మంట హెచ్చరిక వచ్చిన అరగంటలోపే విమానం కూలి ఇద్దరు పైలట్లూ మరణించారు. కాక్‌పిట్‌లో పొగ నిండి, వాళ్లకు ఎదురుగా ఉన్న మీటర్లు కూడా కనిపించలేదు. 2011 జులై 28న లిథియం బ్యాటరీలు, మండే ద్రవాలు తీసుకెళ్తున్న ఏషియానా సరుకు విమానం కొరియాలోని జెజు ద్వీపం దగ్గర సముద్రంలో పడిపోయింది. ప్రయాణికుల విమానం సరుకు అరలో మంటను అణచడానికి వాడే హాలోన్ వాయువు మామూలు మంటను అదుపు చేస్తుంది గానీ, ఒక బ్యాటరీ వేడి పక్క బ్యాటరీకి పాకుతూ పోయే గొలుసు చర్యను ఆపలేదు.

కానీ ఈ రెండు ప్రమాదాలే ఎంహెచ్ 370 విషయంలో ఆ ఊహకు అడ్డు వస్తున్నాయి. అదుపు తప్పిన బ్యాటరీ మంట నిమిషాల్లో విమానాన్ని ముగిస్తుంది. ఎంహెచ్ 370 ఎక్కడుందో రాడార్‌కు తెలిపే ట్రాన్స్‌పాండర్ సంకేతం రాత్రి 1 గంట 21 నిమిషాలకు తెర మీద నుంచి మాయమైంది. ఇన్‌మార్‌శాట్ ఉపగ్రహానికి ఆ విమానం నుంచి చివరి సంకేతం అందింది ఉదయం 8 గంటల 19 నిమిషాలకు. దాదాపు ఏడు గంటలు. మధ్యలో ఆగిపోయిన ఉపగ్రహ సంబంధం 2 గంటల 25 నిమిషాలకు మళ్లీ మొదలైంది. విమానం వెనక్కి తిరిగి మలయా ద్వీపకల్పాన్ని దాటింది, ఆ బ్యాటరీలు లారీ ఎక్కిన పెనాంగ్ ద్వీపానికి దక్షిణంగానే వెళ్లింది, అక్కడ కో-పైలట్ మొబైల్ ఫోను ఒక్క క్షణం టవర్‌కు అందింది. ప్రమాద సందేశం లేదు. 2015 జులైలో రీయూనియన్ ద్వీపంలో దొరికిన ఫ్లాపరాన్ అనే రెక్క భాగం మొదలుకొని తర్వాత ఆఫ్రికా తీరాల్లో దొరికిన ముక్కల వరకు పరీక్షించినవాటిలో మంటకు గురైన ఆనవాళ్లు తేలలేదు. మడగాస్కర్‌లో దొరికిన రెండు ముక్కలు కాలినట్టు కనిపిస్తే, ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ పరిశీలించి, ఆ నలుపు మంట వల్ల వచ్చింది కాదని చెప్పింది. మంట పుట్టి, తనంతట తానే ఆరి, మనుషులను మాత్రం చంపి, విమానాన్ని ఏడు గంటలు ఎగరనిచ్చిందని నమ్మాలంటే ఒకదాని మీద ఒకటిగా చాలా యాదృచ్ఛికాలు కలిసి రావాలి.

సరుకు కోసమే ఎవరో విమానాన్ని అడ్డగించారన్న మరో ఊహ కూడా ఉంది. రేడియో పరికరాలు, చిప్‌లు, చైనాకు ప్రయాణం, పైగా విమానంలో చిప్‌ల తయారీ సంస్థ ఫ్రీస్కేల్ సెమీకండక్టర్ ఉద్యోగులు 20 మంది ఉండటం, ఇవన్నీ కలిపి అల్లిన కథ అది. దానికి ఆధారమని చెప్పదగినది నాకు ఒక్కటీ కనిపించలేదు. ఏదైనా రహస్య వస్తువు బీజింగ్ చేరకూడదనుకునే శక్తిమంతులకు, లారీ పెనాంగ్ నుంచి సెపాంగ్‌కు వస్తున్న రోడ్డు మీదే ఎన్నో తేలిక మార్గాలు ఉండేవి. ఆ కథ అల్లేవాళ్ల మీద నాకు కోపం ఉంది, ఎందుకంటే కుటుంబాల బాధకు అది రోజుకో కొత్త రూపం ఇస్తుంది. కానీ ఆ కథ నిలబడిన నేల మాత్రం వాళ్లు తయారుచేసింది కాదు. పూర్తి కాగితం చూపించనప్పుడు ఆ ఖాళీలో ఎవరికి తోచింది వాళ్లు రాసుకుంటారు.

కాగితంలో ఉన్నదే పెట్టెలో ఉందని అనుకోవడం ఎంత ప్రమాదమో 1996 మే 11న ఫ్లోరిడాలో కూలిన వాల్యూజెట్ 592 చూపించింది. గడువు తీరిన ఆక్సిజన్ జనరేటర్లను సరుకు అరలో ఎక్కించారు. కాగితం మీద అవి ఖాళీ డబ్బాలని రాశారు. అవి ఖాళీవి కావు. అరలో మంట పుట్టి 110 మంది చనిపోయారు. ఆ కేసులో నిజం బయటపడటానికి కారణం, దర్యాప్తు సంస్థ ఆ కాగితాన్ని రాసిన చేయి దగ్గర నుంచి పెట్టె ఎక్కించిన చేయి దాకా గొలుసు మొత్తాన్ని బహిరంగ విచారణలో విప్పి చూపడమే.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణ దక్షిణాఫ్రికాది. 1987 నవంబర్ 28న తైపే నుంచి జొహానెస్‌బర్గ్ వెళ్తున్న సౌత్ ఆఫ్రికన్ ఎయిర్‌వేస్ 295, హెల్డర్‌బర్గ్ అనే పేరున్న బోయింగ్ 747, మారిషస్ దగ్గర సముద్రంలో కూలింది. 159 మంది పోయారు. ప్రయాణికులు కూర్చునే అంతస్తులోనే, వాళ్ల వెనుక ఉన్న సరుకు భాగంలో మంట పుట్టింది. శిథిలాలు నాలుగు వేల మీటర్లకు పైగా లోతులో ఉన్నా వెతికి, వాయిస్ రికార్డర్‌ను పైకి తెచ్చారు. మంట ఏ భాగంలో మొదలైందో, విచారణ జరిపిన మార్గో కమిషన్ చెప్పగలిగింది. దేనివల్ల మొదలైందో తేల్చలేకపోయింది. అప్పుడు వర్ణవివక్ష ప్రభుత్వం మీద ఆయుధ ఆంక్షలు ఉన్నాయి. ఆ విమానంలో రహస్యంగా సైనిక సామగ్రి తెచ్చారన్న అనుమానం అప్పటి నుంచి వదల్లేదు. 1998లో సత్య, సమన్వయ కమిషన్ మళ్లీ ఆ విషయం తెరిచింది. అప్పటికీ తేలలేదు. సముద్రం నుంచి శిథిలాలు తేగలిగిన దేశం, సరుకు విషయంలో ప్రజల నమ్మకాన్ని మాత్రం తెచ్చుకోలేకపోయింది. సరుకు ప్రశ్నను సకాలంలో పూర్తిగా మూసేయకపోతే అది ఒక తరం దాటి మరో తరానికి చేరుతుందనడానికి హెల్డర్‌బర్గ్ కంటే బాధాకరమైన సాక్ష్యం నాకు తెలియదు.

ఎంహెచ్ 370లో అయిదుగురు భారతీయులు ఉన్నారు. వాళ్లలో ఒకరు చెన్నైలో ఉంటూ మత్స్యకారుల హక్కుల కోసం పనిచేసిన మహిళ. ఒక సదస్సు కోసం మంగోలియాకు వెళ్తున్నారు. వాయిస్ 370 అనే పేరుతో ఏకమైన కుటుంబాలు, మార్పులు చేయని పూర్తి సరుకు జాబితా ఇవ్వమని ప్రభుత్వాన్ని మళ్లీ మళ్లీ కోరాయి. ఆచూకీ తెలియని విమానం కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో విశాఖపట్నానికీ తెలుసు. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు వెళ్తూ బంగాళాఖాతంలో మాయమైన వైమానిక దళం ఏఎన్-32లోని 29 మందిలో ఎనిమిది మంది విశాఖ నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. దాని శిథిలాలుగా భావిస్తున్న ముక్కల చిత్రాలు చెన్నై తీరానికి దూరంగా సముద్రం అడుగున దొరికాయన్న మాట 2024 జనవరిలో గానీ రాలేదు. ఏడున్నరేళ్లు. ఆ ఇళ్లలో ఏ చిన్న వివరం దొరికినా ఎంత అపురూపమో వేరే చెప్పనక్కర్లేదు.

పూర్తి పత్రాలు ఇవ్వడానికి అడ్డంగా చెప్పే కారణాలు మూడు వినిపిస్తాయి. దర్యాప్తు రహస్యం అన్నది మొదటిది. ప్రమాద దర్యాప్తులను నడిపే అంతర్జాతీయ నియమావళి, 13వ అనుబంధం, కొన్ని రికార్డులకు రక్షణ ఇస్తుంది: కాక్‌పిట్ సంభాషణలు, సాక్షుల వాంగ్మూలాలు, వైద్య సమాచారం లాంటివి. ఆ వరుసలో సరుకు జాబితా లేదు. పైగా కోక్ సూ చోన్ నాయకత్వంలోని దర్యాప్తు బృందం తన 495 పేజీల తుది నివేదికను 2018 జులై 30నే ఇచ్చేసింది. కారణం తేల్చలేకపోతున్నామని, మూడో వ్యక్తి జోక్యాన్ని తోసిపుచ్చలేమని అందులో రాసింది. మూడో వ్యక్తి జోక్యాన్ని తోసిపుచ్చలేనప్పుడు, విమానంలోకి మూడో వ్యక్తుల చేతుల మీదుగా వచ్చిన ప్రతి పెట్టె లెక్కా ప్రజల ముందు ఉండటం మరింత అవసరమవుతుంది. రెండో కారణం వ్యాపార రహస్యం. 2014 నాటి వాకీటాకీ ఛార్జర్ల ప్యాకింగ్ లిస్టులో ఇప్పుడు కాపాడుకోవలసిన రహస్యం ఏముంటుంది? ధరలు ఉన్న గడిని చెరిపి ఇచ్చినా సరిపోతుంది. మూడోది కోర్టు కేసులు. దీనికి కొంత బలం ఉందని ఒప్పుకుంటాను. పత్రం బయటికొస్తే నష్టపరిహారం దావాలో ఎవరో ఒకరికి ఇబ్బంది కలగవచ్చు. కానీ ఒక కంపెనీ న్యాయవాదికి కలిగే ఇబ్బందిని, 239 మంది కుటుంబాల ప్రశ్నను ఒకే త్రాసులో పెట్టడం నాకు సమ్మతం కాదు.

నేను కోరుతున్నది పెద్దదేమీ కాదు. పెనాంగ్ సరుకుకు సంబంధించిన హౌస్ బిల్లులు, వాటి ప్యాకింగ్ లిస్టులు, పెట్టెల కొలతలు, బరువులు. బీజింగ్‌లో సరుకు అందుకోవలసిన సంస్థల పేర్లు. ఏ కంటైనర్ ఏ అరలో, ఏ స్థానంలో ఉందో చూపే లోడింగ్ పత్రం. కంటితో పరిశీలించామన్న సిబ్బంది సంతకం చేసిన చెక్‌లిస్టు. పోలీసు నివేదికలో సరుకుకు సంబంధించిన భాగం. ఇవన్నీ కలిపినా ఒక మామూలు ఫైలు మందం ఉండవు.

ఇప్పుడే ఇవ్వాలని అనడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. ఆస్ట్రేలియా నాయకత్వంలో లక్షా 20 వేల చదరపు కిలోమీటర్ల సముద్రగర్భాన్ని గాలించి 2017 జనవరిలో ఆపేశారు. 2018లో సముద్రగర్భాన్ని గాలించే ఓషన్ ఇన్ఫినిటీ సంస్థ మరో లక్షా 12 వేల చదరపు కిలోమీటర్లు చూసింది. 2025 మార్చిలో అదే సంస్థతో మలేషియా ప్రభుత్వం కొత్త ఒప్పందం చేసుకుంది: 15 వేల చదరపు కిలోమీటర్ల కొత్త ప్రాంతం, శిథిలాలు దొరికితేనే 7 కోట్ల డాలర్లు, దొరకకపోతే ఏమీ లేదు. ఏదో ఒకనాటికి ఆ విమానం దొరుకుతుందనే నా నమ్మకం. దొరికిన రోజున కెమెరాలు చూపించేది రెక్కలను, ఇంజిన్లను మాత్రమే కాదు; సరుకు అర కూడా అక్కడే ఉంటుంది. పండ్లు, అట్టపెట్టెలు మిగలవు. బ్యాటరీల లోహపు తొడుగులు, ఛార్జర్ల సర్క్యూట్ బోర్డులు, కంటైనర్ల అల్యూమినియం పలకలు మిగులుతాయి. అక్కడ కనిపించినదాన్ని దేనితో పోల్చి చూడాలి? అప్పటికి పత్రాలు లోకం చేతిలో లేకపోతే, శిథిలాలు దొరికిన తర్వాత ఇచ్చే జాబితా ఎంత నిజమైనదైనా, దొరికినదానికి సరిపోయేలా రాసిందేనన్న అనుమానానికి గురవుతుంది. ఓడ వెతుకులాట ముగించకముందే జాబితా బయట ఉంటే, ఆ పోలికను మలేషియా ప్రభుత్వం గానీ విమాన సంస్థ గానీ చేయనక్కర్లేదు. ఏ కుటుంబమైనా, ఏ దేశపు నిపుణుడైనా చేయగలడు. అందుకే ఆ ఫైలు తెరవవలసిన సమయం విమానం దొరికిన తర్వాత కాదు, దొరకకముందే.